లెక్క తప్పిన ముగింపు

2009 మార్చి 20 రాత్రి అమెరికాలోని సై ఫై చానెల్‌లో 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' ధారావాహిక ముగిసింది. అంతకు మూడు రోజుల ముందు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఆ సిరీస్ మీద ప్రత్యేక చర్చ జరిగింది. మానవ హక్కులు, ఉగ్రవాదం, సాయుధ పోరాటాల్లో చిక్కుకున్న పిల్లలు వంటి విషయాల మీద నిర్మాతలు, నటులు, సమితి ప్రతినిధులు ఒకే వేదిక మీద మాట్లాడారు. ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కు అలాంటి గౌరవం దక్కడం అరుదు. అయితే ముగింపు ప్రసారమైన మర్నాటి నుంచే అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. కొందరు కన్నీళ్లతో మెచ్చుకున్నారు. మరికొందరు ఇన్నేళ్ల నమ్మకాన్ని వమ్ము చేశారన్నారు. పదిహేనేళ్లు దాటినా ఆ వాదన ఇంకా చల్లారలేదు.

కల్పిత కథ ఎలా ముగిస్తేనేం, దానికింత బాధ దేనికి అని ఎవరైనా అడగవచ్చు. టీవీ సిరీస్ నచ్చకపోతే కట్టేసి పడుకోవచ్చు. కానీ ఈ అసంతృప్తిలో ఒక భాగం కేవలం అభిరుచికి సంబంధించినది కాదని నా అభిప్రాయం. అందులో సైన్సు ఎలా చదవాలి, సైన్సును ఎలా చెప్పాలి అనే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకు మన దేశంలోనూ, మన హైదరాబాదులోని పరిశోధనశాలలతోనూ సంబంధం ఉంది. ఈ వ్యాసంలో కథ ముగింపును విప్పి చెప్పక తప్పదు. సిరీస్‌ను ఇంకా చూడనివారు, చూడాలనుకుంటున్నవారు ఇక్కడే ఆగవచ్చు.

బోర్డు మీద అంకె

కథ క్లుప్తంగా ఇది. పన్నెండు గ్రహాల్లో మనుషులు నివసిస్తుంటారు. వాళ్లు తయారు చేసిన 'సైలాన్' అనే యంత్రజాతి ఎదురు తిరుగుతుంది. సైలాన్లలో కొందరు ఇప్పుడు అచ్చం మనుషుల్లాగే ఉంటారు. ఒక్క రోజులో అణుదాడి జరిగి ఆ నాగరికత అంతా నాశనమవుతుంది. గెలాక్టికా అనే పాత యుద్ధనౌక, దాని వెంట కొన్ని పౌర ఓడలు మాత్రం తప్పించుకుంటాయి. అందులో మిగిలినవాళ్లు 50,298 మంది. పురాణాల్లో విన్న 'భూమి' కోసం వాళ్లు వెతుక్కుంటూ పోతారు.

1978లో గ్లెన్ లార్సన్ సృష్టించిన పాత సిరీస్‌ను రోనాల్డ్ మూర్ 2003లో ఇలా కొత్తగా మలిచారు. కొత్త రూపానికి ఉన్న బలం దాని క్రమశిక్షణ. గెలాక్టికాలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపరు. శత్రువు నెట్‌వర్క్ ద్వారానే లోపలికి చొరబడతాడు కాబట్టి తీగలున్న పాత ఫోన్లే వాడతారు. చిన్న యుద్ధవిమానాలు గాల్లో విమానంలా వంపు తిరగవు. శూన్యంలో న్యూటన్ సూత్రాలు చెప్పినట్టు, వెళ్లే దిక్కు మారకుండానే ముక్కు వెనక్కి తిప్పి కాలుస్తాయి. తాగునీరు పోతే ఒక ఎపిసోడ్ మొత్తం ఆ నీళ్ల లెక్కతోనే నడుస్తుంది. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో కాసినీ యాత్ర మీద పనిచేసిన శాస్త్రవేత్త కెవిన్ గ్రేజియర్ ఈ సిరీస్‌కు సైన్సు సలహాదారుగా ఉన్నారు.

అన్నిటికంటే గుర్తుండిపోయేది అధ్యక్షురాలు లారా రోజ్లిన్ గదిలోని తెల్ల బోర్డు. బతికున్నవారి సంఖ్య దాని మీద రాసి ఉంటుంది. ఎవరు చనిపోయినా ఆ అంకె తగ్గుతుంది. హ్యూగో అవార్డు పొందిన '33' అనే ఎపిసోడ్‌లో శత్రువు ప్రతి 33 నిమిషాలకూ దాడి చేస్తుంటాడు. అయిదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. ఎపిసోడ్ చివర్లో ఒక ఓడలో బిడ్డ పుట్టిందని కబురు వస్తుంది. రోజ్లిన్ లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, చివరి అంకె తుడిచి, ఒకటి కలిపి రాస్తుంది. వేల మంది చావును చూసిన కథలో ఆ 'ఒకటి' చాలా పెద్దది. ఈ సిరీస్ ప్రేక్షకుడికి ఇచ్చిన మాట అదే. ఇక్కడ ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడు, ప్రతి పనికీ పర్యవసానం ఉంటుంది, దేన్నీ గాల్లోకి వదిలెయ్యం అని.

చివరికి ఏం జరిగింది?

నాలుగో సీజన్ మధ్యలో వాళ్లు వెతుకుతున్న 'భూమి' దొరుకుతుంది. తీరా చూస్తే అది ఎప్పుడో అణుయుద్ధంలో మాడిపోయిన శిథిలం. ఆ నిరాశ నుంచి తేరుకుని మరికొంత దూరం పోయాక, చివరి భాగంలో ఇంకో పచ్చని గ్రహం చేరతారు. అదే మన భూమి. కాలం 1,50,000 ఏళ్ల కిందటిది. అక్కడ అప్పటికే ఆదిమానవులు తిరుగుతున్నారు. వాళ్ల డీఎన్‌ఏ, వచ్చినవాళ్ల డీఎన్‌ఏ ఒకదానితో ఒకటి కలిసేంత దగ్గరగా ఉంది. మిగిలిన నలభై వేలకు లోపు జనం తమ ఓడలనూ యంత్రాలనూ వదులుకుని, చిన్న చిన్న గుంపులుగా ఖండాల మీదికి చెదిరిపోవాలని నిర్ణయిస్తారు. ఓడలన్నీ సూర్యుడిలోకి వెళ్లి కాలిపోతాయి. అంతకుముందే చనిపోయి తిరిగి వచ్చిన పైలట్ కారా త్రేస్ గడ్డి మైదానంలో నిలబడిన చోటే మాయమవుతుంది. ఆమె ఎవరో, ఎలా తిరిగి వచ్చిందో కథ చెప్పదు.

తర్వాత దృశ్యం నేటి న్యూయార్క్‌లోకి దూకుతుంది. ఒక వ్యక్తి పత్రిక చదువుతుంటాడు. ఆ పాత్రలో కనిపించేది స్వయంగా రోనాల్డ్ మూర్. టాంజానియాలో 'మైటోకాండ్రియల్ ఈవ్' అవశేషాలు దొరికాయని ఆ పత్రికలో వార్త. ఆమె మరెవరో కాదు, మానవ తండ్రికీ సైలాన్ తల్లికీ పుట్టిన హేరా అనే పాప. ఈ పిల్ల బతకడం మీదే రెండు జాతుల భవిష్యత్తు ఆధారపడి ఉందని కొన్ని సీజన్లుగా చెబుతూ వచ్చారు. ఆ ముడి విప్పింది ఇక్కడే. మనందరికీ తల్లి ఆమేనట. ఆఖరున నేటి రోబోల దృశ్యాలు చూపి, జరిగిందే మళ్లీ జరుగుతుందా అని హెచ్చరించి కథ ముగుస్తుంది.

అసంతృప్తి మూడు రకాలు

ఈ ముగింపు మీద వచ్చిన విమర్శలను మూడుగా విడదీయవచ్చు. మూడింటికీ ఒకే విలువ ఇవ్వలేం.

మొదటిది, దేవుడు వచ్చి కథను ముగించాడన్న ఫిర్యాదు. ఇందులో కొంత న్యాయం ఉంది. ఎన్నో చిక్కుముళ్లకు చివర్లో దైవసంకల్పమే సమాధానమైంది. కానీ రచయితల పక్షాన ఒక మాట చెప్పాలి. 2003 నాటి తొలి భాగంలోనే సైలాన్ స్త్రీ దేవుడి గురించి మాట్లాడుతుంది. విశ్వాసం ఈ కథలో మొదటి నుంచీ ఉంది. దాన్ని చివర్లో దొంగతనంగా చొప్పించలేదు. ముగింపు రాసేటప్పుడు కథ ముడులు విప్పలేక సతమతమైన మూర్, చివరికి పాత్రలే ముఖ్యమని రచయితల గదిలోని బోర్డు మీద రాసుకున్నారట. పాత్రల వరకు చూస్తే ఆయన గెలిచారు. క్యాన్సర్‌తో ఉన్న రోజ్లిన్ ఆకాశం నుంచి ఆ పచ్చని నేలను చూస్తూ ప్రాణం విడిచే దృశ్యాన్ని ముగింపు నచ్చనివారు కూడా మరిచిపోలేరు.

రెండోది, యంత్రాలను వదిలేయడం మీద కోపం. నాలుగేళ్ల పాటు ఒక్క మందు సీసా కోసం ప్రాణాలకు తెగించినవాళ్లు, ఒక్క ప్రసంగంతో మందులూ పనిముట్లూ సూర్యుడిలోకి పంపించేస్తారా? గాయం కుళ్లితే, కాన్పు అడ్డం తిరిగితే ఏం చేస్తారు? తప్పు యంత్రాలది కాదని, యంత్రాలను తాము చూసిన తీరుదని అన్ని సీజన్లూ నేర్పిన కథ, ఆఖరికి తప్పంతా యంత్రాల మీదికి నెట్టేసింది. ఈ విమర్శతో నేను ఏకీభవిస్తాను. అయితే ఇది విలువలకు సంబంధించిన వాదన. ఇందులో భిన్నాభిప్రాయానికి చోటుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ పత్రిక వార్త గురించి. దేవుడిని నమ్మడం నమ్మకపోవడం ప్రేక్షకుడి ఇష్టం. కానీ 'మైటోకాండ్రియల్ ఈవ్' ఒక శాస్త్రీయ పదం. దానికి కచ్చితమైన అర్థం ఉంది. ఆ పదాన్ని తెచ్చి, కథకు సైన్సు ముద్ర వేసి, దాని అర్థాన్ని తలకిందులు చేశారు. ముగింపులోని అసలు లెక్క తప్పింది ఇక్కడే.

అమ్మమ్మల గొలుసు

మన కణాల్లో శక్తిని తయారు చేసే చిన్న భాగాలు మైటోకాండ్రియాలు. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అందులో 16,569 అక్షరాలు, 37 జన్యువులు ఉంటాయి. కణకేంద్రకంలోని డీఎన్‌ఏ సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథమైతే, ఇది దాని పక్కన చిన్న చీటీ లాంటిది. ఈ చీటీ తల్లి నుంచే వస్తుంది. కొడుకుకూ కూతురికీ ఇద్దరికీ అందుతుంది కానీ, ముందు తరానికి అందించేది కూతురే. అంటే మీ మైటోకాండ్రియా మీ అమ్మది, ఆమెది మీ అమ్మమ్మది, ఆమెది అమ్మమ్మ వాళ్ల అమ్మది. ఇలా వెనక్కి పోయే గొలుసు ఇది.

1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాస్త్రవేత్తలు రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ వేర్వేరు ప్రాంతాల మూలాలున్న 147 మంది మైటోకాండ్రియల్ డీఎన్‌ఏను మాయల నుంచి సేకరించి పోల్చారు. అన్ని గొలుసులూ వెనక్కి పోయి సుమారు 2,00,000 ఏళ్ల కిందట, బహుశా ఆఫ్రికాలో, ఒకే స్త్రీ దగ్గర కలుస్తాయని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ కాలం మీద తర్వాత ఎన్నో సవరణలు వచ్చాయి. ఇప్పటి అంచనాలు ఎక్కువగా లక్ష నుంచి రెండు లక్షల పైచిలుకు ఏళ్ల మధ్య ఉన్నాయి.

ఒకే స్త్రీ దగ్గర కలవడమంటే అప్పుడు ఒకే స్త్రీ ఉందని కాదు. దీన్ని ఇంటిపేర్లతో సులువుగా అర్థం చేసుకోవచ్చు. మన ఇళ్లలో ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది. ఒక్క క్షణం దాన్ని తిరగేసి ఊహించండి. ఒక ఊళ్లో వంద ఇంటిపేర్లున్నాయి. అవి తల్లి నుంచి పిల్లలకు వస్తాయి, కూతుళ్ల ద్వారానే ముందుకు సాగుతాయి. ఒకావిడకు అందరూ కొడుకులే పుట్టారు. ఆమె ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది. ఆమె సంతానం ఆగిపోలేదు. మనవలూ మునిమనవలూ ఊరంతా ఉన్నారు, కానీ వాళ్లకు వాళ్ల అమ్మల ఇంటిపేర్లు వచ్చాయి. ఇలా ప్రతి తరంలోనూ కొన్ని పేర్లు రాలిపోతుంటాయి. బయటి నుంచి కొత్త పేరు రాకపోతే, చాలా తరాల తర్వాత ఊళ్లో ఒక్క ఇంటిపేరే మిగులుతుంది. ఆ ఇంటిపేరు గల ఒక పూర్వపు స్త్రీ దగ్గర అన్ని గొలుసులూ కలుస్తాయి. ఆమెలో ప్రత్యేక శక్తి ఏమీ లేదు. ఆమె ఒంటరిదీ కాదు, మొదటిదీ కాదు. ఆమె గొలుసు తెగలేదు, అంతే.

మైటోకాండ్రియల్ ఈవ్ అంటే ఇదే. ఆమె కాలంలో వేలాది స్త్రీపురుషులు ఉన్నారు. ఆమెకు కనీసం ఇద్దరు కూతుళ్లు ఉండి ఉండాలి. ఒక్కతే అయితే గొలుసులు కలిసే చోటు ఆ కూతురో, ఆమె తర్వాతి మరో స్త్రీయో అవుతుంది. ఇప్పుడున్న గొలుసుల్లో కొన్ని రేపు తెగిపోతే ఆ బిరుదు ఇంకా తర్వాతి కాలపు స్త్రీకి మారిపోవచ్చు. తండ్రి వైపు ఇలాంటి గొలుసు వై క్రోమోజోమ్‌ది. అరుదైన ఒకే ఒక్క వై క్రోమోజోమ్ శాఖ బయటపడడంతో 2013లో ఆ 'ఆదాము' కాలం ఒక్కసారిగా చాలా వెనక్కి జరిగింది. అంటే ఈ పేర్లు మనుషులవి కావు. వంశవృక్షంలో కొమ్మలు కలిసే బిందువులవి.

అలన్ విల్సన్‌కు 'ఈవ్' అన్న పేరు నచ్చలేదు. 'అదృష్టవంతురాలైన తల్లి' అంటే బాగుంటుందని ఆయన భావించారు. కానీ 1988 జనవరిలో న్యూస్‌వీక్ పత్రిక ఆదాము, అవ్వ, యాపిల్ పండు బొమ్మతో ముఖచిత్రం వేసింది. పేరు స్థిరపడింది, అపోహ కూడా దానితోనే స్థిరపడింది. సిరీస్ రచయితలు ఆ అపోహనే తీసుకున్నారు.

ఎముకలు చెప్పలేనిది

ఈ వెలుగులో ముగింపును మళ్లీ చూద్దాం. మొదట, మైటోకాండ్రియల్ ఈవ్ అవశేషాలు దొరకడమనేది జరిగే పని కాదు. ఒక ఎముకలో ఆ కాలపు డీఎన్‌ఏ దొరికినా, అది ఆ స్త్రీదో, ఆమె చెల్లెలిదో, పిన్ని కూతురిదో ఎవరు చెప్పగలరు? వాళ్లందరి మైటోకాండ్రియా ఒకటే.

రెండోది, వచ్చిన జనం మనకు పూర్వీకులైతే వాళ్ల జన్యువులు ఇక్కడి జీవవృక్షంలో వేరుగా నిలబడాలి. మనవి అలా నిలబడవు. మన మైటోకాండ్రియా వృక్షం చింపాంజీల వృక్షంతో, నియాండర్తల్‌ల వృక్షంతో ఒకే మానుకు అతుక్కుని ఉంది. ఈ ముగింపు ప్రసారం కావడానికి ఏడు నెలల ముందే, 2008 ఆగస్టులో, నియాండర్తల్ మైటోకాండ్రియా డీఎన్‌ఏ మొత్తం ప్రచురితమైంది. కథ ప్రకారం హేరా మైటోకాండ్రియా ఆమె సైలాన్ తల్లిది. ఆ లెక్కన మనందరి మైటోకాండ్రియా ఒక యంత్రజాతి నుంచి రావాలి. కథలో అది గొప్ప ఆలోచనే. కానీ మన కణాల్లో ఉన్న ఆధారం దాన్ని ఒప్పుకోదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. హేరా ఈవ్ కావాలంటే, ఆమెతో పాటు దిగిన మిగిలిన స్త్రీల తల్లి గొలుసులన్నీ, అక్కడి ఆదిమ స్త్రీల గొలుసులన్నీ తెగిపోవాలి. కథ దీన్ని విజయంగా చూపింది. పైగా ఆమె ఈవ్ అయినంత మాత్రాన మనలో ఆమె భాగం ఎక్కువేమీ కాదు. పది తరాలు వెనక్కి వెళ్తే ప్రతి ఒక్కరికీ 1,024 పూర్వీకుల స్థానాలు ఉంటాయి. ఇరవై తరాలకు 10 లక్షలు దాటుతాయి. అందులో అమ్మమ్మల గొలుసులో ఉన్నది ఒక్కరే. మిగిలినవాళ్లూ మన పూర్వీకులే.

నియాండర్తల్‌లే దీనికి సాక్ష్యం. సిరీస్ ముగిసిన మరుసటి ఏడాది, 2010లో, వాళ్ల కేంద్రక డీఎన్‌ఏ చదివిన శాస్త్రవేత్తలు ఆఫ్రికా బయటి మూలాలున్న నేటి మనుషుల్లో దాని చిన్న భాగం ఉందని కనుగొన్నారు. మనలోనూ ఉంది. అయినా నేడు బతికున్న ఏ మనిషిలోనూ నియాండర్తల్ మైటోకాండ్రియా కనిపించలేదు. తల్లి గొలుసు తెగిపోయింది, పూర్వీకత మాత్రం నిలిచింది. రెండు మానవ సమూహాలు కలిసి ఒకటి కావడమన్న ఆ సిరీస్ కల నిజంగానే జరిగింది. కాకపోతే ఒక ఎన్నికైన బిడ్డ ద్వారా కాదు, పేరు తెలియని ఎందరో మామూలు బిడ్డల ద్వారా.

2004లో డగ్లస్ రోడ్, స్టీవ్ ఓల్సన్, జోసెఫ్ చాంగ్ 'నేచర్'లో ప్రచురించిన గణిత నమూనా ఇంకా ముందుకు వెళ్లింది. తల్లి వైపు, తండ్రి వైపు దారులన్నీ కలిపి చూస్తే, కొన్ని వేల ఏళ్ల వెనక్కి వెళ్లేసరికే ఒక దశ వస్తుందని ఆ నమూనా సూచించింది. ఆ దశలో బతికున్న ప్రతి మనిషీ అయితే నేటి మనుషులందరికీ పూర్వీకుడు, లేదా ఎవరికీ పూర్వీకుడు కాడు. మధ్యస్థం లేదు. 1,50,000 ఏళ్లంటే ఆ దశకు ఎంతో ముందు కాలం. ఆ లెక్కన ఆ పచ్చని గ్రహం మీద దిగి, నేటిదాకా సంతానం నిలిచిన ప్రతి ఒక్కరూ మనందరికీ పూర్వీకులే. వంటవాడు, మెకానిక్, నర్సు, ఆఖరికి ఈటె పట్టుకుని పొదల చాటున నిలబడ్డ ఆదిమ మనిషి కూడా. వాళ్లందరి డీఎన్‌ఏ ముక్కలు మనలో మిగలకపోవచ్చు. కానీ వంశవృక్షంలో వాళ్లందరికీ చోటుంది.

నా బాధ ఇదే. ఆ బోర్డు మీది లెక్క చెప్పిన మాటా, జన్యుశాస్త్రం చెప్పే మాటా ఒకటే: ఎవరినీ లెక్కలోంచి తీసెయ్యలేం. సైన్సును సరిగ్గా చదివి ఉంటే రచయితలకు ఇంతకంటే గొప్ప ముగింపు, తమ కథకు తగిన ముగింపు, ఉచితంగా దొరికేది. దాన్ని వదిలి, ఒక్కరిని ఎంచి మిగిలినవాళ్లను తుడిచేశారు. సైన్సు కథకు అడ్డం వచ్చిందని చాలామంది రచయితలు అంటుంటారు. ఇక్కడ జరిగింది దానికి వ్యతిరేకం. తప్పు సైన్సే కథను చిన్నది చేసింది.

మనకెందుకు ఈ గొడవ?

కొన్నాళ్ల కిందట ఒక కళాశాలలో పరిణామం గురించి మాట్లాడాక ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, మొదట్లో భూమ్మీద ఒక్క ఆడమనిషే ఉండేదట కదా, డీఎన్‌ఏతో రుజువైందట కదా?" ఆ అమ్మాయి ఈ సిరీస్ చూడలేదు. ఎక్కడో ఒక వీడియోలో విన్నదట. ఇంటిపేర్ల ఉదాహరణ చెప్పాక ఒక నిమిషం ఆలోచించి, "అయితే మిగతావాళ్లు కూడా మనవాళ్లే కదా సార్" అంది. మొత్తం విషయాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది.

మన దేశంలో ఈ అపోహ ఖరీదు ఇంకా ఎక్కువ. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, వారి సహచరులు 2005లో అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదివి, ఆఫ్రికా నుంచి బయలుదేరిన తొలి వలసల నాటి ప్రాచీన తల్లి శాఖలు అక్కడ నిలిచి ఉన్నాయని 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అమ్మమ్మల గొలుసును సరైన ప్రశ్నకు వాడితే ఎంత చెప్పగలదో దానికి ఇది మంచి ఉదాహరణ. గెలాక్టికా ముగిసిన ఏడాదే, 2009 సెప్టెంబరులో, సీసీఎంబీ, హార్వర్డ్ తదితర సంస్థల శాస్త్రవేత్తలు 25 భారతీయ సమూహాలకు చెందిన 132 మంది కేంద్రక డీఎన్‌ఏలో 5 లక్షలకు పైగా గుర్తులను పరిశీలించి 'నేచర్'లో ఫలితాలు వెల్లడించారు. అధికశాతం భారతీయ సమూహాలు ప్రాచీన జనాభాల కలయికతోనే ఏర్పడ్డాయని ఆ పరిశోధన చూపింది. ఆ కలయిక ఒక్క గొలుసు చదివితే కనిపించదు. అన్ని దారులూ చదవాలి.

అయినా ఒక తల్లి శాఖనో ఒక తండ్రి శాఖనో పట్టుకుని, "మేమే అసలువాళ్లం, వాళ్లు బయటివాళ్లు" అనే వాదనలు మనకు తెలియనివి కావు. డబ్బు కట్టి తెప్పించుకున్న డీఎన్‌ఏ నివేదికలోని ఒక్క అక్షరం, ఒక్క అంకె చూసి కులం గొప్పను రుజువు చేసుకునేవారూ ఉన్నారు. వేలాది పూర్వీకుల్లో ఒక్కరిని ఎంచి మిగిలినవారిని తుడిచెయ్యడమే వాళ్లు చేస్తున్నది. ఆ టీవీ ముగింపులో ఉన్న తప్పు, ఈ గొప్పల్లో ఉన్న తప్పు ఒకటే. అందుకే దాన్ని కేవలం కథ కదా అని వదిలెయ్యలేం.

నిరాశపడే హక్కు, దాని హద్దు

అభిమానుల నిరాశకు హద్దు కూడా ఉండాలి. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగింపు నచ్చక, చివరి సీజన్‌ను మళ్లీ తీయాలని కోరుతూ పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. సైన్స్ ఫిక్షన్ కాకపోయినా అదీ ఇలాంటి నిరాశే. కథ రచయితది. తిరిగి రాయమని ఆదేశించే హక్కు ప్రేక్షకుడికి లేదు. రచయితలను, నటులను వ్యక్తిగతంగా దూషించడం విమర్శ కాదు.

కానీ "ఇక్కడ మీరు చెప్పింది, అక్కడ మీరు చూపినదానితో సరిపోవడం లేదు" అనే హక్కు ప్రేక్షకుడికి పూర్తిగా ఉంది. సైన్సులో ఒక వ్యాసం ప్రచురణకు వెళ్లే ముందు తోటి శాస్త్రవేత్తలు చేసే పని కూడా ఇదే. ఆధారాలు చూస్తారు, ముగింపు చూస్తారు, మొదటిదాని నుంచి రెండోది వస్తోందా అని అడుగుతారు. కొన్నేళ్ల పాటు ప్రతి ఆధారాన్నీ గుర్తుపెట్టుకుని, చివర్లో నిర్ధారణ సరిపోలేదని బాధపడ్డ అభిమాని ఆ పనే చేశాడు. అతడిని పిచ్చి అభిమాని అని తీసిపారేయకండి. మంచి సైన్సు పాఠకుడంటే అతడే. మైటోకాండ్రియల్ ఈవ్ అసలు అర్థం ఏమిటో ఈ ముగింపు మీద కోపంతోనే వెతికి తెలుసుకున్నవారిని నాకు తెలుసు. ఒక మంచి సిరీస్ చెడ్డ ముగింపు వల్ల జరిగిన మేలు అదొక్కటేనేమో.

సైన్సు రాసేవాళ్లం కూడా ఇందులో మన వంతు ఒప్పుకోవాలి. 'ఈవ్' అన్న పేరును ప్రచారం చేసింది టీవీ రచయితలు కాదు, పత్రికలు. పేరు ఆకర్షణీయంగా ఉందని వాడేసి, అర్థం వివరించే రెండు వాక్యాలు వదిలేస్తే, ఆ ఖాళీలో కథలు మొలుస్తాయి. తెలుగులో 'ఆదిమాత' అని రాసే ముందు ఆగి ఆలోచించాలి. ఆ మాట వినగానే తొలి స్త్రీ, ఏకైక స్త్రీ అనే అర్థమే స్ఫురిస్తుంది. 'ఉమ్మడి అమ్మమ్మ' అంటే అంత గంభీరంగా ఉండదు కానీ, నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ సిరీస్‌ను నేను ఇప్పటికీ చూడమనే చెబుతాను. చివరి భాగం కూడా చూడమంటాను. న్యూయార్క్ దృశ్యం వచ్చినప్పుడు మాత్రం '33' ఎపిసోడ్ చివరను గుర్తు చేసుకోండి. అలసిపోయిన ఒక స్త్రీ బోర్డు దగ్గర నిలబడి ఒకటి కలిపి రాసింది. ఆ బిడ్డ పేరు కథలో ఎక్కడా చెప్పలేదు. ఆ బిడ్డ సంతానం మిగిలి ఉంటే, ఆమె కూడా మనందరికీ అమ్మమ్మే, లేదా అతడు మనందరికీ తాతే.